లేని చేతుల వార్డు

చిట్టా 1

మూడేళ్ళ తరవాత లాబ్ వదిలి మళ్ళీ వార్డులో అడుగు పెట్టాను. ఇన్నాళ్ళూ గాజు సీసాలతో తప్ప మాట్లాడని దాన్ని, గుమ్మంలో నిలబడి అందరికీ కలిపి ఒక నమస్కారం పెట్టాను. ఎవరూ పట్టించుకోలేదు. కిటికీ పక్క మంచం మీదున్న పెద్దావిడ మాత్రం నన్ను కిందా మీదా చూసి, నువ్వు డాక్టరువా, మందులు చేసేదానివా అని అడిగింది. రెండూ అన్నాను. అయితే రెండూ సగం సగమే అన్నమాట అంది. వార్డంతా నవ్వింది, నేనూ నవ్వాను గానీ కాస్త ఉడుక్కున్నాను కూడా.

మా జంట చదువు గురించి బయట అందరూ అనే మాటే అది. రెండేళ్ళు రోగుల దగ్గర, మూడేళ్ళు ఫార్మకాలజీ లాబ్‌లో, ఆఖరి రెండేళ్ళు మళ్ళీ రోగుల దగ్గర, మన మందుని మన చేత్తోనే ఇవ్వడానికి. రోగం ఏమిటో చెప్పడానికి గోడలో పెట్టె ఉంది. పాత మందులు రాయడానికీ అదే ఉంది. కొత్త మందు కనిపెట్టే పని మాత్రం ఇంకా మనుషులకే మిగిలింది, అందుకే మాలాంటి వాళ్ళకి మెస్సులో రెండు పూటలా తిండి పెడుతున్నారు.

రోజూ చిట్టా రాయమని మా గైడు పేరిందేవి మేడమ్ ఆజ్ఞ. పెట్టె అడగని విషయాలు రాయాలట. సరే, మొదటి విషయం: ఈ మబ్బుమెట్ట కొండ మీద మబ్బు నేరుగా కిటికీలోంచి వార్డులోకి వస్తుంది. దుప్పట్లు ఎప్పటికీ ఆరవు.

చిట్టా 3

కిటికీ పక్క పెద్దావిడ పేరు పైడితల్లి. ఆమెకి ఆరు చేతులుండేవి.

రెండు సొంతవి. నాలుగు సముద్రం అడుగున ఉండేవి. లోహపు గడ్డలు ఏరే యంత్రం చేతులవి. ఈ కొండ మీద షెడ్డులో, చల్లటి గదిలో పడుకుని, తల వెనక తీగ పెట్టుకుని, ఇరవై ఏళ్ళు ఆ చేతులతో పని చేసింది. గుడ్డి చీకట్లో బురద తడిమి ఏది గడ్డో ఏది రాయో పట్టేసేదట. మొన్న వేసవిలో ఆ సముద్రపు గనులు మూసేశారు. ఎవరో పైవాళ్ళు, ఒక మధ్యాహ్నం, షిఫ్టు మధ్యలోనే యంత్రాలన్నీ ఆపేశారు. ఆ తీగల చివర మనుషులున్నారన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

అప్పట్నించీ ఆ లేని చేతులు నొప్పి పెడతాయి. మా వార్డులో అందరిదీ అదే కథ. కొండల వెంట ఉన్న షెడ్లలో ఇలాంటి వాళ్ళు వందల మంది. మామూలు నొప్పి మందులు ఈ నొప్పి దరిదాపులకి పోవు. నా మూడేళ్ళ థీసిస్ ఈ నొప్పికి ఒక మాత్ర. ఎలుకలకి నాలుగు చేతులు తగిలించి, తీసేసి, దాన్ని తయారుచేశాను. ఎలుకల విషయంలో నాకు గర్వమే. పైడితల్లి విషయంలో ఇవాళ పొద్దున్నించీ భయంగా ఉంది.

చిట్టా 6

ఇవాళ పనులు: మాత్రలు అచ్చు వేసే యంత్రం తుడవడం, పొడి డబ్బాల్లో చెమ్మ పీల్చే సంచులు మార్చడం, పాతవాటిని కుంపటి మీద ఆరబెట్టడం. నా తోటి జంట చదువు విద్యార్థి ఇస్రాయేలుకి కూడా ఇదే పని. అతను మనిషి బంగారం, కానీ మాట్లాడించాలంటే పళ్ళు పీకినంత పని. మెస్సులో మళ్ళీ వెదురు కొమ్ముల కూర.

రేపు నా మొదటి కూర్చోవడం. మాకు రెండు చట్టాలున్నాయి, రెండూ మా అమ్మమ్మల కాలంలో పుట్టాయి. అప్పట్లో ఎక్కడో కింద మైదానంలో ఒక ఆసుపత్రిలో డోసులన్నీ యంత్రాలే ఇచ్చేవట. ఒక లెక్క తప్పి వరసగా మంచాల మీద మనుషులు పోతుంటే, గదిలో చూసే దిక్కు ఒక్కరూ లేరు. ఆ తరవాత చట్టం చేశారు. కొత్త మందు తయారుచేసిన వాడే రోగి పక్కన కూర్చోవాలి, ఆ మందు ఒంట్లో సగానికి దిగేదాకా లేవకూడదు. రెండోది, రోగికి మందు లేని ఉత్త మాత్ర ఇచ్చి మోసం చేయకూడదు, పరీక్ష కోసం కూడా. ఈ రెంటినీ మేము అన్నప్రాశన నాటి నుంచీ వింటూ పెరిగాం. మా థీసిస్‌ని పేజీలతో కొలవరు, ఎన్నిసార్లు కూర్చున్నామో దాన్నిబట్టి కొలుస్తారు.

చిట్టా 7

కూర్చున్నాను. భోజనాలయ్యాక మాత్ర ఇచ్చి, స్టూలు లాక్కున్నాను. పది అంకెల్లో నొప్పి ఎంత అంటే మంచం పక్క పలక మీద ఎనిమిది నొక్కింది.

ఏం మాట్లాడాలో తెలియక ఆ నాలుగు చేతులూ ఎక్కడుండేవని అడిగాను. ఇంతవరకూ ఎవరూ అడగలేదు. మొహం చూస్తే తెలిసింది. ఒకటి భుజం కింద, ఒకటి నడుం దగ్గర, మిగతా రెండూ వీపు వెనక. నాలుగోది మొండిదట, చెప్పిన మాట వినేది కాదట, కానీ దానికే స్పర్శ ఎక్కువట. ఆ చేత్తో ఒకసారి ఒక చేపని పట్టుకుని వదిలేసిందట, మేస్త్రీకి తెలియకుండా. చెబుతూ చెబుతూ నవ్వింది. లేచేసరికి అంకె ఐదుకి వచ్చింది.

మందు పనిచేస్తోంది. 

చిట్టా 19

వానలు పట్టుకున్నాయి. వార్డులో మాత్రం పండగ. ఈ రెండు వారాల్లో నా రోగులందరి అంకెలూ దిగాయి. పైడితల్లిది రెండు. నిన్న తనే జడ వేసుకుంది, పక్క మంచం ఆమెకీ వేసింది. పేరిందేవి మేడమ్ నా అంకెలు చూసి దాదాపు నవ్వబోయారు. ఆవిడ నవ్వితే కొండ మీద వాన ఆగుతుందని ఇస్రాయేలు అన్నాడు. అతని నోటి నుంచి ఈ వారం వచ్చిన పెద్ద మాట అదే.

గని పనివాళ్ళ ఖర్చులు చూసే పింఛను ఆఫీసు వాళ్ళు నా మాత్రని మందుల జాబితాలో చేర్చి, షెడ్లన్నిటికీ అచ్చు వేయిస్తామన్నారు; జాబితాకెక్కిన మందుకి పక్కన కూర్చోవడం అక్కర్లేదు. పైడితల్లి బొబ్బిలిలో చెల్లెలింటికి వెళ్ళిపోతానంటోంది. ఏడాదికి సరిపడా మాత్రలు మూట కట్టి ఇమ్మంది. నిండుగా ఇస్తానన్నాను.

చిట్టా 24

ఇది ఎలా రాయాలో తెలియడం లేదు. ఉన్నదున్నట్టు రాస్తాను.

థీసిస్ చివర్లో ప్రతి బ్యాచ్ పరీక్షా చేర్చాలి. అది తద్దినం లాంటి పని, ఎవరూ చూడరు, కానీ చేయాలి. ఆ వానల వారాల్లో మిగిలిన మాత్రలు తీసి పరీక్షకి పెట్టాను. యంత్రం సున్నా చూపించింది. మళ్ళీ పెట్టాను. మళ్ళీ సున్నా. అచ్చు యంత్రం అడుగున గొట్టంలో చెమ్మ చేరి, మందు విరిగిపోయి, మాత్రలో పిండి తప్ప ఏమీ మిగల్లేదు.

అంటే వార్డంతా పండగ చేసుకున్న ఆ రోజుల్లో నేను వాళ్ళకి ఇచ్చింది ఉత్త మాత్ర. చట్టం వద్దన్న పని నాకు తెలియకుండానే చేశాను. అదొక భయం. దానికన్నా పెద్ద భయం ఇంకొకటి ఉంది. ఉత్త మాత్రతోనే నొప్పి అంత దిగితే, నా మందు ఇన్నాళ్ళూ చేసిందేమిటి?

చిట్టా 25

మేడమ్‌కి చెప్పాను. తిడతారనుకున్నాను. ఆవిడ కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. తరవాత, మంచి బ్యాచ్ అచ్చు వెయ్యి, పరీక్షించు, పూర్తి డోసు ఇవ్వు, కానీ పక్కన ఇస్రాయేలు కూర్చుంటాడు అన్నారు. మాత్ర తయారీ అతని పేరు మీద రాస్తే చట్టానికి అడ్డం కాదన్నారు.

నేను వాదించాను. మందు అంతకుముందు ఒంట్లో పేరుకుని ఉండొచ్చు, దాని ఫలితమే వానల్లో కనిపించి ఉండొచ్చు అన్నాను. అది సగానికి దిగే వేళ నువ్వే కదా కొలిచావు అన్నారు. కొలిచాను. ఒక్క పూట, అంతకాలం పేరుకోదు.

చిట్టా 29

ఇస్రాయేలు కూర్చున్నాడు. అతను రోగి పక్కన కూర్చుంటే రాని బస్సు కోసం కూర్చున్నట్టుంటుంది. అందులో అతని తప్పేం లేదు, అతని గుండె మంచిదే, అది బయటికి వచ్చే దారి లేదు అంతే.

మాత్రలు నిక్కమైనవి. నేనే మూడుసార్లు పరీక్షించాను. అయినా నా రోగులందరి అంకెలూ పైకి పాకాయి. పైడితల్లిది ఏడు. ఆ బాబు మందు మార్చేశాడని ఆమె నాకు ఫిర్యాదు చేసింది. పక్కకి వెళ్ళి నిలబడ్డాను, మొహం కనిపించకుండా.

ఇక సందేహం లేదు. నా మాత్ర పనిచేయదు. పనిచేసింది నేను పక్కన కూర్చోవడం. మా అమ్మమ్మల కాలం నుంచీ పక్కన కూర్చోవడాన్ని ఎంత గొప్పగా చెప్పుకున్నామంటే, అది కూడా డోసులో భాగమేనని ఒక్కరికీ తట్టలేదు. ఉత్త మాత్ర ఇచ్చి పోల్చి చూస్తే ఎప్పుడో తెలిసేది. అదీ మేమే వద్దన్నాం.

చిట్టా 30

పైడితల్లికి రోప్‌వే టికెట్ వచ్చేసింది. వచ్చే వారమే ప్రయాణం. నిన్న మళ్ళీ నేనే కూర్చున్నాను, అంకె మూడుకి దిగింది. ఆమె సంతోషంగా సంచి సర్దుకుంటోంది.

చెప్పకపోతే ఆమె బొబ్బిలి వెళ్ళి, చెల్లెలి ఇంట్లో ఒక గదిలో, పనికిరాని మాత్రల మూట పక్కన పెట్టుకుని నొప్పితో మెలికలు తిరుగుతుంది. చెబితే ఆ నమ్మకం పోతుంది, దాంతో పాటు ఇప్పుడున్న ఈ కాస్త సుఖమూ ఈ క్షణమే పోవచ్చు. డాక్టరుగా నా నోరు కుట్టేసుకోవాలనిపిస్తోంది. మందులు చేసేదానిగా గొంతు చించుకుని చెప్పాలనిపిస్తోంది. రెండూ నేనే కావడం వల్ల అన్నం సహించడం లేదు.

మేడమ్‌ని అడిగాను. పట్టా ఇచ్చే కౌన్సిల్ ముందు నా వైవా దగ్గర్లోనే ఉందనీ, అక్కడ చెప్పాల్సింది ఎలాగూ చెప్పక తప్పదనీ అన్నారు. "ఆమె రోప్‌వే ఎక్కేలోపు చెప్పు రత్నం. ఎలా చెప్పాలో నాకూ తెలియదు" అన్నారు. నూకరత్నం అని పూర్తిపేరు కాకుండా ఆవిడ నన్ను రత్నం అని పిలవడం ఇదే మొదటిసారి.

చిట్టా 32

చెప్పాను.

ముందు వంకర టింకరగా మొదలుపెట్టాను. చెమ్మ, గొట్టం, బ్యాచ్ అంటూ. ఆమె అడ్డుపడి, నాకు అర్థమయ్యేలా చెప్పు అంది. మందులో మందు లేదు పెద్దమ్మా, ఉన్నప్పుడూ పనిచేయలేదు, నేను కూర్చుంటేనే తగ్గింది అన్నాను.

ఆమె తన సొంత చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది.

"మరి తగ్గింది గదా. అదబద్దమేటి?"

"కాదు. తగ్గింది నిజమే."

"అయితే బొబ్బిలొచ్చి నా పక్కన కూకుంటావేటి, నా బతుకంతా?"

రాలేను అన్నాను. ఇంకేం అంటాను.

"మరెందుకు సెప్పినావమ్మా?" అంది. కోపంగా అనలేదు. అలా అని ఉంటే బాగుండేది. గోడ వైపు తిరిగి పడుకుంది.

మధ్యాహ్నానికి అంకె ఎనిమిది. కూర్చోబోతే వద్దని చెయ్యి ఊపింది. మాత్రల యంత్రం గదిలోకి పోయి, తలుపు వేసుకుని ఏడ్చాను. నా చదువు గురించి కూడా ఏడ్చి ఉంటాను, నిజం చెప్పాలంటే. కానీ ఎక్కువగా ఆ చెయ్యి ఊపడం గురించే.

ఆమె టికెట్ వెనక్కి ఇచ్చేసిందని సాయంత్రం ఇస్రాయేలు చెప్పాడు.

చిట్టా 36

కౌన్సిల్ అయింది. ఐదుగురు ముసలివాళ్ళు, ఒక కిటికీ, దాని నిండా మబ్బు. నా మాత్ర పనిచేయదని నేనే మొదటి వాక్యంలో చెప్పేశాను. పింఛను ఆఫీసు నుంచి వచ్చినాయన కాగితం మీద ఏదో కొట్టేసిన చప్పుడు వినిపించింది. మందు జాబితా నుంచి పోయింది.

అందరూ లేవబోతుంటే పేరిందేవి మేడమ్ ఒక్క ప్రశ్న అడిగారు. పనిచేసిందేదో దాని డోసెంత అని. ఎంతసేపు కూర్చోవాలి, రోజూనా, వారానికోసారా, లేచాక ఎప్పుడు సగానికి దిగుతుంది, ఎవరు కూర్చున్నా దిగుతుందా, ఎవరికి హాని చేస్తుంది. మందు గురించి మేము అడిగే ప్రశ్నలే అన్నీ. ఏ ఒక్కటీ తెలియదన్నాను.

తెలుసుకుని రమ్మన్నారు. పట్టా ఇవ్వలేదు, పొమ్మనీ అనలేదు. అయితే ఒక మెలిక ఉంది. కూర్చుంటే ఎంత తగ్గుతుందో తెలియాలంటే, ఎవరూ కూర్చోని వాళ్ళూ కొందరు ఉండాలి. పరీక్షలో ఉన్న రోగిని నొప్పిలో ఒంటరిగా వదలడం చట్టానికి విరుద్ధం. రోగి తనంతట తానుగా కోరితే తప్ప. ఇన్నేళ్ళలో అలా కోరిన వాళ్ళెవరూ లేరని కౌన్సిల్ పెద్దాయన అన్నారు. ఎవరు మాత్రం కోరతారు.

చిట్టా 38

పైడితల్లి మళ్ళీ మాట్లాడింది. అన్నం పళ్ళెం తెచ్చి పెడితే, కౌన్సిల్లో ఏమైందని అడిగింది. చెప్పాను, డోసు ప్రశ్నతో సహా, ఎవరూ కూర్చోని వాళ్ళు కావాలన్న సంగతితో సహా. ఆమెని ఒప్పించాలని చెప్పలేదు. అడిగింది కాబట్టి చెప్పాను. ఈసారి ఏదీ దాచే ఓపిక నాకు లేదు.

సగం పళ్ళెం తింది. తరవాత, షెడ్లలో తనలాంటి వాళ్ళు ఇంకా ఎంతమంది ఉన్నారని అడిగింది. వందల్లో అన్నాను. వాళ్ళ పక్కన ఎవరైనా కూర్చుంటున్నారా అంది. లేదు, పాత మందులు పెట్టె ఇచ్చేస్తుంది, కొత్త మందుకే కూర్చోవడం అన్నాను.

"ఆళ్ళందరి పక్కనా మనుసుల్ని కూకోబెట్టండి అంటే పింఛనాఫీసోడు ఊరికినే కూకోబెడతాడేటి? రుజువేదీ అంటాడు."

అంటాడు అన్నాను.

"అయితే నా పేరు రాసుకో. నా దగ్గిర ఎవులూ కూకోవద్దు."

కుదరదన్నాను. డాక్టరుగా ఒప్పుకోనన్నాను. నొప్పి ఎనిమిది దాటుతుంది, తొమ్మిది, అంతకన్నా ఎక్కువ కూడా అన్నాను. నొప్పి ఎంతో నాకు చెబుతున్నావా అని నవ్వింది. నేను రాసుకోకపోతే ఇస్రాయేలుతో రాయించుకుంటానంది. ఆ రోజు పైవాళ్ళు, మేమున్నామన్న సంగతే గుర్తులేకుండా మా చేతులు ఆపేశారు, ఈసారి ఆపేది నేనే, నాకు తెలిసి ఆపుకుంటాను అని కూడా అంది.  కాగితం తెచ్చాను. ఆమె సంతకం పెట్టింది, కింద నేనూ పెట్టాను.

చిట్టా 41

ఆమెని చూసి ఇంకో పదిమంది దాకా ముందుకొచ్చారు. ఎవరు ఏ వరసలోకి వెళ్ళాలో చీటీలు తీశాం, పైడితల్లి మాత్రం చీటీ తీయలేదు, తన వరస తనే చెప్పేసింది. అది లెక్కలోకి రాదని మేడమ్ అన్నారు, ఆమె అంకెలు విడిగా చూపిస్తామన్నారు. ఎలా చూపిస్తారో నాకనవసరం, నన్ను మాత్రం నా వరసలో ఉండనివ్వండి అందామె. మాత్రలు ఎవరికీ లేవు. ఒక వరసకి మనిషి ఉంటాడు, ఒక వరసకి ఉండడు. తేడా అంతే. ఒక్కొక్కరినీ ఒక్కో గదికి మార్చాం, ప్రతి గదిలోనూ చేతికందేలా గంట ఉంది. మోగిస్తే అక్కడితో ఆపి లోపలికి వెళ్ళిపోతాం.

ఇస్రాయేలు ఈ మూడు రోజులూ నా దగ్గర కూర్చోవడం నేర్చుకుంటున్నాడు. ఇవాళ ఒక రోగిని, మీ చేతులు ఎక్కడుండేవండీ అని అడిగాడు. అడగడానికి గుటకలు మింగాడు గానీ అడిగాడు. ఆయన చెబుతూనే ఉన్నాడు, టీ చల్లారిపోయింది.

చిట్టా 43

ఇవాళ మొదలు. మధ్యాహ్నం, వాన లేదు. పైడితల్లి గది తలుపు మూశాను. లోపల నొక్కిన అంకె బయట పలక మీద కనిపిస్తుంది. నా పని అది రాయడం. చప్పుడు చేయకూడదు, తలుపు తట్టకూడదు, నేనక్కడ ఉన్నట్టు తెలిస్తే అదీ కూర్చోవడం కిందే లెక్క.

ఆరు. ఏడు. కాసేపటికి ఎనిమిది. మంచం కిర్రుమంది. మూలుగు వినిపించింది, పళ్ళ మధ్య అణుచుకున్నది. తొమ్మిది. గంట మోగుతుందని చెవులు రిక్కించి నిలబడ్డాను. నాలో డాక్టరు తలుపు గడియ మీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి తియ్యడానికి రెండో చేత్తో పట్టుకుని లాక్కోవాల్సి వచ్చింది.

"ఉన్నావేటమ్మా?"

సన్నగా వినిపించింది. గుక్క పట్టి అన్నట్టు.

నేను పలకలేదు.

"రత్నమ్మా. ఉన్నావేటి?"

నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాను.   పలక మీద తొమ్మిది అలాగే ఉంది. గంట మోగలేదు.

"పలక్కు," అంది తరవాత. "సరిగ్గా సేత్తన్నావో నేదో సూసినాను."

తొమ్మిది అని రాశాను.